అడగడం, ఆగడం: కళాశాల తరగతిలో బోధన

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల డిగ్రీ కళాశాలల్లో 'రన్నింగ్ నోట్సు' అనే మాట వినని విద్యార్థి ఉండడు. అధ్యాపకుడు పాఠ్యాంశాన్ని నిదానంగా చదువుతూ పోతుంటే విద్యార్థులు దానిని అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటూ పోవడమే ఆ మాటకు అర్థం. ఆ రాతను పరీక్షకు ముందు రెండు రాత్రులు బట్టీపట్టి, జవాబు పత్రంలో దించి, ఆ తరువాత మరచిపోవడం దాని పర్యవసానం. ఈ పద్ధతిలో గంట గడుస్తుంది, సిలబస్ పూర్తవుతుంది, హాజరు పట్టీ నిండుతుంది. కానీ ఆ గంటలో విద్యార్థి సొంతంగా ఆలోచించిన నిమిషాలు ఎన్ని అని లెక్కవేస్తే మిగిలేది చాలా తక్కువ. విద్యాశాస్త్రంలో 'విద్యార్థి నిమగ్నత' అనే పారిభాషిక పదం ఉంది. పాఠంలోని చిక్కుముడిని విప్పడానికి విద్యార్థి తన మనసుతో తాను చేసే ప్రయత్నానికి ఆ పేరు. బెంచీ మీద నిశ్శబ్దంగా కూర్చున్నంత మాత్రాన అది ఉన్నట్టు కాదు. ఆ ప్రయత్నాన్ని తరగతిలోకి తీసుకురావడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదనీ, అధ్యాపకుడు సరైన ప్రశ్న అడగడమూ, అడిగిన తరువాత ఆగడమూ అలవాటు చేసుకుంటే చాలావరకు సాధ్యమేననీ, ఆ అలవాటుకు ఈ నేలలోనే పాత వేళ్లు ఉన్నాయనీ వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

తెలుగువారి ఉన్నత విద్యా చరిత్రలో చిత్తూరు సీమకు పెద్ద స్థానమే ఉంది. చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదివి, మైసూరులో అధ్యాపకులై, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు. ఆయన 1914లో ప్రకటించిన 'కవిత్వతత్త్వ విచారము' సాహిత్య విమర్శ గ్రంథంగానే ప్రసిద్ధం. అయితే అధ్యాపకుని కంటితో చూస్తే అందులో బోధనకు సంబంధించిన పాఠం కూడా కనిపిస్తుంది. ప్రబంధాన్ని ప్రతిపదార్థాలతో ఒప్పజెప్పడమే చదువుగా చెలామణి అవుతున్న కాలంలో, పింగళి సూరన కావ్యాలను ఎదుట పెట్టుకొని ఏది బాగుంది, ఏది బాగాలేదు, ఎందుకు బాగాలేదు అని నిలదీసి అడిగే హక్కు చదువరికి ఉందని ఆ పుస్తకం చూపింది. ఆయన తరువాత 1931లో అదే పదవికి వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుత్తణిలో పుట్టి, 1896 నుంచి 1900 వరకు తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చదువుకున్నారు. తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలో ఉండి, ఆ ఏడాది మద్రాసు రాష్ట్రంలో కలిసింది కాబట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయపు తొలి ఇద్దరు ఉపకులపతులూ ఈ సీమవారేనని చెప్పుకోవడం అతిశయోక్తి కాదు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, భారత ప్రభుత్వం విశ్వవిద్యాలయ విద్యను పరిశీలించడానికి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించగా, ఆ సంఘం 1949లో నివేదిక సమర్పించింది. ఏడాదికి పరీక్షల రోజులు కాక కనీసం 180 పనిదినాలు ఉండాలనీ, ఉపన్యాసాన్ని జాగ్రత్తగా సిద్ధం చేసుకోవాలనీ, అయితే ఉపన్యాసం ఒక్కటే చాలదనీ, దానికి తోడుగా ట్యుటోరియళ్లు, గ్రంథాలయంలో చదువు, రాతపని తప్పనిసరిగా ఉండాలనీ అది సిఫారసు చేసింది. ఏ కోర్సుకూ ఒకే పాఠ్యపుస్తకాన్ని నిర్ణయించరాదని కూడా అన్నది. గైడు పుస్తకాల మీద నడుస్తున్న నేటి చదువును చూస్తే ఆ ఒక్క వాక్యం ఎంత ముందుచూపుతో రాసిందో అర్థమవుతుంది. ట్యుటోరియల్ అంటే కొద్దిమంది విద్యార్థులు అధ్యాపకుని దగ్గర కూర్చుని, తాము చదివినదాని మీద, రాసినదాని మీద నేరుగా మాట్లాడే సమావేశం. అటువంటి గుంపులో ఆరుగురికి మించి ఉండరాదని సంఘం స్పష్టంగా చెప్పింది. ఆ నివేదికలోని ఇతర సిఫారసుల్లో కొన్ని సంస్థల రూపం దాల్చాయి. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం వాటిలో ఒకటి. ఆరుగురి గుంపు మాత్రం కాగితం మీదనే మిగిలింది. టైంటేబుల్లో ట్యుటోరియల్ అని రాసి ఉన్నచోట కూడా ఆ గంట మరొక ఉపన్యాసంగా మారిపోవడం చాలా కళాశాలల్లో మామూలైంది. ఇది తీరని లోటు.

ఆ నివేదిక వెలువడేనాటికి తిరుపతిలో దేవస్థానం 1945లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల నడుస్తున్నది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. దక్షిణాన కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. చదువుల సంస్థలకు కొరత లేని ఈ ప్రాంతంలో, చదువు చెప్పే తీరును గురించిన చర్చకు మాత్రం కొరత ఉంది.

నిజానికి చర్చతో కూడిన బోధన ఇక్కడ కొత్త సంగతి కాదు. 1961లో విద్యాపీఠంగా మొదలై 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంగా మారిన తిరుపతి సంస్థలోనూ, పాత శాస్త్ర పాఠశాలల్లోనూ రెండు సంప్రదాయాలు కనిపిస్తాయి. మొదటిది వాక్యార్థం: ఒక పండితుడు శాస్త్రంలోని ఒక వాక్యాన్ని తీసుకొని ప్రతిపాదన చేస్తే, ఎదుటివారు దానిమీద ఆక్షేపణలు లేవనెత్తుతారు, ఆయన సమాధానం చెప్పాలి. ఈ పద్ధతిలో పూర్వపక్షం, అంటే ఎదుటి వాదం, ఎంత బలంగా ఉండగలదో అంత బలంగా చెప్పిన తరువాతనే సిద్ధాంతం చెప్పే అర్హత వస్తుంది. రెండవది చింతన: గురువు పాఠం చెప్పి వెళ్లిన తరువాత విద్యార్థులు తమలో తాము కూర్చుని, ఒకరు చెబుతుంటే మరొకరు ప్రశ్నిస్తూ, ఆ పాఠాన్ని మళ్లీ నిర్మించుకోవడం. ఆ చదువు ఎంతోకాలం కొన్ని కులాలకూ పురుషులకూ మాత్రమే అందిందన్నది దాచవలసిన విషయం కాదు. ద్వారం ఇరుకుగా ఉన్నా లోపల జరిగిన పని మాత్రం విలువైనది. అటువంటి పనిని అందరూ చదివే డిగ్రీ తరగతిలోకి తీసుకురావడమే నేటి కర్తవ్యం.

చింతనను పోలిన పద్ధతిని ఆధునిక విజ్ఞానశాస్త్ర బోధనలో ప్రవేశపెట్టి ప్రసిద్ధికి తెచ్చినవారిలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజుర్ ముఖ్యుడు. లెక్కలు చక్కగా చేయగలిగిన తన విద్యార్థులు, బలం అంటే ఏమిటి, చలనం అంటే ఏమిటి అనే మౌలికమైన ప్రశ్నల దగ్గర తడబడుతున్నారని గుర్తించి, ఆయన 1990ల ఆరంభంలో తన తరగతిని మార్చుకున్నారు. కాసేపు పాఠం చెప్పి, భావానికి సంబంధించిన ఒక ప్రశ్న వేసి, ప్రతి విద్యార్థీ ముందుగా ఒంటరిగా జవాబు ఎంచుకునేలా చేసి, ఆ తరువాత పక్కవారిని ఒప్పించే ప్రయత్నం చేయమని చెప్పి, చివరికి మళ్లీ జవాబు అడగడం ఆయన పద్ధతి. దీనికి సహాధ్యాయ బోధన అని పేరు పెట్టుకోవచ్చు. ప్రశ్న మరీ తేలికైతే చర్చకు చోటుండదు, మరీ కఠినమైతే తెలిసినవారే ఉండరు. తొలి విడతలో మూడోవంతు మొదలు మూడింట రెండువంతుల వరకు విద్యార్థులు సరైన జవాబు చెప్పగలిగిన ప్రశ్నకే చర్చ బాగా పండుతుంది. నిన్నమొన్న ఆ భావాన్ని అర్థం చేసుకున్న విద్యార్థికి తాను ఎక్కడ తడబడ్డాడో ఇంకా గుర్తుంటుంది కాబట్టి, పక్కవాడి తడబాటును అతడు అధ్యాపకుని కంటే త్వరగా పట్టుకోగలడన్నది ఈ పద్ధతి వెనుకనున్న కారణం.

ఈ పద్ధతికి విద్యుత్ పరికరాలు కావాలని కొందరు అనుకుంటారు. ఎ, బి, సి, డి అని రాసిన నాలుగు అట్టముక్కలు చాలు. అవి లేనప్పుడు చేతివేళ్లు చాలు. కావలసిందల్లా మంచి ప్రశ్న, మంచి ప్రశ్నలు ఈ ప్రాంతంలో అడుగడుగునా దొరుకుతాయి. రసాయనశాస్త్రం తరగతికి శ్రీకాళహస్తి కలంకారీని ఉదాహరణగా తీసుకోవచ్చు. కలంకారీ కళాకారులు నూలుగుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెట్టి, ఆ తరువాత ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో ఊరబెట్టి తీసిన ద్రవంతో బొమ్మల గీతలు గీస్తారు. గీసిన గీత గుడ్డ మీద నల్లబడుతుంది. ఎర్రరంగు కావలసినచోట పటిక నీళ్లు పూసి, తరువాత రంగు చెక్కలు వేసిన నీటిలో గుడ్డను ఉడికిస్తే పటిక పడిన మేరకే ఎరుపు పట్టుకుంటుంది. అద్దకం రంగును నూలుకు అంటిపెట్టే లోహ లవణాన్ని రసాయనశాస్త్రం రంగుబంధకం అంటుంది. ఇప్పుడు అధ్యాపకుడు అడగవలసిన ప్రశ్న ఇది: కరక్కాయ పట్టించని తెల్లగుడ్డ మీద అదే ఇనుప ద్రవంతో గీస్తే గీత ఏ రంగులో ఉంటుంది, ఎందుకు? నల్లరంగు సీసాలో ముందే ఉందని అనుకున్నవారు నలుపే అంటారు. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి గుడ్డ మీదనే ఆ నలుపును తయారు చేస్తున్నాయని గ్రహించినవారు తుప్పు రంగు మరక మాత్రమే మిగులుతుందని చెబుతారు. ఈ రెండు పక్షాలు పది నిమిషాలు వాదించుకున్న తరువాత సంక్లిష్ట సమ్మేళనాల పాఠం మొదలుపెడితే, ఆ పాఠం వినాలన్న ఆత్రుత విద్యార్థిలో అప్పటికే పుట్టి ఉంటుంది. నిర్వచనం ముందు చెప్పి ఉదాహరణ చివర చెప్పే అలవాటును తిరగవేయడంలో ఉన్న బలం ఇదే.

అడిగిన తరువాత ఆగడం దీనికంటే కష్టమైన పని. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త పాఠశాల సైన్సు తరగతుల ధ్వనిముద్రణలను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన తరువాత సగటున ఒక్క సెకను మాత్రమే వేచి ఉండి, జవాబు రాకపోతే తామే చెప్పేయడమో మరొకరిని అడగడమో చేస్తున్నారని 1974లో ప్రకటించారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు నిడివిలో పెరిగాయి, మౌనంగా ఉండే పిల్లలు నోరు విప్పారు, తెలియదన్న జవాబులు తగ్గాయి. మూడు సెకన్లు వినడానికి చిన్నవిగా తోచినా, అరవై మంది ఎదుట నిలబడిన అధ్యాపకునికి అవి చాలా పొడుగు. ఆ మౌనాన్ని తన వైఫల్యంగా భావించి తొందరపడినప్పుడల్లా అధ్యాపకుడు విద్యార్థికి ఒక సంగతి నేర్పుతున్నాడు: కాస్త ఓపిక పడితే జవాబు తనంత తానే వస్తుంది, ఆలోచించనవసరం లేదు. వెనుక బెంచీ మౌనానికి ఇది చాలా పెద్ద కారణం.

ఇటువంటి బోధన ఫలితం ఇస్తుందా అన్న ప్రశ్నకు బలమైన జవాబు ఉంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ ఫ్రీమన్ బృందం డిగ్రీ స్థాయి విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగ్, గణిత కోర్సులకు సంబంధించిన 225 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించింది. కేవల ఉపన్యాస తరగతుల్లో తప్పినవారు సగటున 34 శాతం కాగా, విద్యార్థులు చురుకుగా పాల్గొన్న తరగతుల్లో 22 శాతం. అయితే అధ్యాపకులు ముందే తెలుసుకోవలసిన మరో సంగతి ఉంది. హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల మీద 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో, చురుకైన తరగతిలో కూర్చున్న విద్యార్థులు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నా, తాము తక్కువ నేర్చుకున్నామనే అభిప్రాయపడ్డారు. చక్కని ఉపన్యాసం విన్నప్పుడు అంతా అర్థమైనట్టు అనిపిస్తుంది. సొంతంగా ఆలోచించినప్పుడు తన లోపాలు తనకు తెలిసివస్తాయి, ఆ ఇబ్బందినే విద్యార్థి నేర్చుకోకపోవడంగా పొరబడతాడు. కాబట్టి కొత్త పద్ధతి మొదలుపెట్టిన అధ్యాపకుడు తాను ఎందుకు అలా చేస్తున్నాడో మొదటి వారంలోనే విద్యార్థులకు వివరించాలి. లేకపోతే సార్ పాఠం చెప్పడం లేదన్న ఫిర్యాదు ప్రిన్సిపాల్ గదికి చేరుతుంది.

పాఠాన్ని నేలకు ముడివేయడానికి కలంకారీ ఒక్కటే దారి కాదు. చంద్రగిరి దాటిన తరువాత వచ్చే గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో పైవాతావరణాన్ని పరిశీలించే రాడార్ 53 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యం మీద పనిచేస్తుంది. ఆ తరంగదైర్ఘ్యం ఎంతో లెక్కవేయమంటే సుమారు 5.7 మీటర్లని తేలుతుంది, ఆ యాంటెనాలకు అంత విశాలమైన మైదానం ఎందుకు కావలసి వచ్చిందో ఆ అంకె నుంచే ఊహించవచ్చు. తిరుమల క్యూ సంభావ్యతా గణితానికి సిద్ధమైన ఉదాహరణ: గంటకు 3,000 మంది చొప్పున లోపలికి వెళుతూ, ఒక్కొక్కరు నాలుగు గంటలు వేచి ఉంటున్నారనుకుంటే, ఏ సమయంలోనైనా వరుసలో 12,000 మంది ఉంటారన్నది జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం. మదనపల్లె మార్కెట్లో టమోటా ధర ఒక పంటకాలంలో ఆకాశానికి ఎగిరి, ఆ ధర చూసి రైతులందరూ నారు పోసిన తరువాత నేలకు పడటాన్ని అర్థశాస్త్రం సాలెగూడు సిద్ధాంతంతో వివరిస్తుంది. ఆ తరగతిలో టమోటా రైతుల బిడ్డలు ఉంటారు. రేఖాపటం గీయకముందే వారికి ఆ సిద్ధాంతం తెలుసు, దానికి పేరు ఉందని మాత్రం తెలియదు. తిరుమల కనుమదారిలో కోట్ల ఏళ్ల విరామాన్ని చూపించే శిలాపొరల విచ్ఛిత్తి ఉంది. భూగర్భశాస్త్ర విద్యార్థి దానిని బస్సు కిటికీలోంచి చూస్తూ కళాశాలకు వస్తాడు.

భాష సంగతి చెప్పకుండా ఈ ప్రాంతపు తరగతిని గురించి మాట్లాడటం కుదరదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చింది. నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చే విద్యార్థి ఇంట్లో తమిళం, మదనపల్లె వైపు నుంచి వచ్చేవారిలో కొందరు ఇంట్లో ఉర్దూ, కుప్పం సరిహద్దుల్లో కన్నడం మాట్లాడతారు. అందరికీ బజారు భాష తెలుగు, పరీక్ష భాష ఇంగ్లీషు. ఇంగ్లీషులోనే జవాబు చెప్పాలని పట్టుబడితే, తెలిసిన విద్యార్థి కూడా తప్పు వాక్యానికి భయపడి నోరు మూసుకుంటాడు. బ్రిటన్‌లోని వేల్స్‌లో కెన్ విలియమ్స్ అనే విద్యావేత్త, ఒక భాషలో చదివి మరొక భాషలో చర్చించడాన్ని ప్రణాళికాబద్ధమైన బోధన పద్ధతిగా రూపొందించారు. దానిని ట్రాన్స్‌లాంగ్వేజింగ్ అంటారు. ఇక్కడి తరగతికి అది సరిగ్గా సరిపోతుంది: చర్చ తెలుగులో, అదీ విద్యార్థి ఇంటి యాసలోని తెలుగులో జరగాలి, చర్చ ముగిసిన తరువాత తేలిన జవాబును ఇంగ్లీషులో రెండు వాక్యాలుగా రాయాలి. యాసను చూసి నవ్వే తరగతిలో ఏ ప్రశ్నా పండదు. ఆ నవ్వును మొదటిసారే ఆపవలసిన బాధ్యత అధ్యాపకునిదే.

ఒకే తరగతిలో ఎంపీసీ చదివివచ్చినవారూ, లెక్కలంటే వణికేవారూ పక్కపక్కన కూర్చోవడం మరో చిక్కు. ఈ చిక్కుకు మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ బడుల కోసం ఒక పరిష్కారం రూపొందించింది. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో ఏర్పడిన ఆ విద్యాకేంద్రంలో వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు, వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో చదివే ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం పాఠాలను చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, వాటిని మెట్లుమెట్లుగా నిచ్చెన మీద అమర్చారు; ఏ బిడ్డ ఏ మెట్టు మీద ఉన్నాడో ఆ బిడ్డకే తెలుస్తుంది, తన వేగంతో తాను పైకి వెళతాడు. 1995లో కర్ణాటకలో మొదలైన 'నలి-కలి' కార్యక్రమం ఇక్కడినుంచే స్ఫూర్తి పొందింది. కళాశాల దీనిని యథాతథంగా అనుకరించలేదు, అవసరమూ లేదు. కానీ సెమిస్టరు సిలబస్‌లోని ప్రతి యూనిట్‌కూ తేలిక, మధ్యమం, కఠినం అనే మూడు మెట్ల ప్రశ్నపత్రాలు తయారుచేసి గోడకు తగిలించడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ కావలసిన పని లేదు.

పరీక్ష విధానం మారనంతవరకు ఇవేవీ నిలవవని చాలామంది అధ్యాపకులు అంటారు. ఆ మాటలో నిజం ఉంది, అయితే సగమే. రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో చూపినదాని ప్రకారం, ఒక పాఠాన్ని మళ్లీమళ్లీ చదివినవారికంటే, ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించినవారు వారం తరువాత ఎక్కువ గుర్తుంచుకున్నారు. అంటే మార్కులు లేని చిన్న స్లిప్ టెస్టు, గంట మొదట్లో ఐదు నిమిషాలు నిన్నటి పాఠాన్ని పుస్తకం చూడకుండా రాయించడం, ఇప్పుడున్న పరీక్షలకే ఎక్కువగా ఉపయోగపడతాయి. సిలబస్ పూర్తికాదన్న భయం కూడా ఇటువంటిదే: అధ్యాపకుడు పూర్తిచేసిన సిలబస్ వేరు, విద్యార్థి పూర్తిచేసుకున్న సిలబస్ వేరు, పరీక్షలో లెక్కకు వచ్చేది రెండవదే.

ఇంతకూ రాధాకృష్ణన్ సంఘం చెప్పిన ఆరుగురి గుంపు నేటి కళాశాలకు అసాధ్యమా అంటే, లెక్కవేసి చూడవచ్చు. అరవై మంది ఉన్న ఒక సెక్షన్‌ను ఆరుగురి చొప్పున విడగొడితే పది గుంపులు అవుతాయి. ఆ సెక్షన్‌కు పాఠాలు చెప్పే ఐదుగురు అధ్యాపకులు వారానికి ఒక్కొక్క గంట కేటాయిస్తే, ప్రతి గుంపూ రెండు వారాలకు ఒకసారి ఒక అధ్యాపకుని ఎదుట కూర్చోగలుగుతుంది. దీనికి కొత్త గది అక్కరలేదు, చెట్టునీడ చాలు. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి, కుప్పం కళాశాలల అధ్యాపకులు రానున్న సెమిస్టరు టైంటేబుల్ వేసేటప్పుడు ఈ ఒక్క గంటను అందులో రాయించాలనీ, రాయించిన తరువాత దానిని మరో ఉపన్యాసానికి వదులుకోవద్దనీ విన్నపం.